గుండె మార్చారు, బ్రేకు మరిచారు

బుల్లెట్‌కు ఇంజన్ మార్చాలని యాభై దాటిన ఆసామికి బుద్ధి పుట్టిందంటే, ముందు పరీక్ష చేయాల్సింది ఇంజన్ని కాదు, ఆయన మోకాళ్లని. బండి బాగానే ఉంటుంది. పొద్దున్నే కిక్కు కొట్టేటప్పుడు కటుక్కుమనేది ఆయన కుడి మోకాలు. ఆ మాట ఇంట్లో ఒప్పుకోవడానికి మీసం అడ్డొస్తుంది. డాక్టరు దగ్గరికి పోతే బరువు తగ్గమంటాడు, పొట్టేలు మాంసం మానమంటాడు. షెడ్డుకు పోతే మెకానిక్ భాయ్ అట్లాంటి అపశకునాలు పలకడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కిక్కరును చేత్తో రెండుసార్లు ఆడించి, "ఇంజన్‌కు వయసైపోయింది సామీ" అంటాడు. ఎంత చల్లని మాట! వయసైంది ఇనుముకు, మనకు కాదు. ఆ ఒక్క మాటకు ఎంతైనా ఇవ్వొచ్చు. ఇస్తున్నారు కూడా.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఈ బండికున్న మర్యాద బయటివాళ్లకు చెబితే అర్థం కాదు. నాయన కొన్న బుల్లెట్ అంటే వాహనం కాదు; అన్నదమ్ముల పంపకాల్లో పొలం తర్వాత, ఇంటికి కొంచెం ముందు వచ్చే ఆస్తి. దాని మీద ఏపీ 21 అని కర్నూలు నంబరు ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. ఊరి పక్కనుంచి పోయే పద్దెనిమిదో నంబరు జాతీయ రహదారి నలభయ్యో నంబరైంది. కొత్త బండ్లు జిల్లా తేడా లేకుండా ఏపీ 39 అయిపోయాయి. ఆ పాత ప్లేటు మాత్రం మారలేదు. మార్చమంటే ఆసామి కొట్టినంత పని చేస్తాడు. ప్లేటు మార్చడు, ట్యాంకు మార్చడు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతను మెత్తటి గుడ్డతో తప్ప వేలితో తాకనివ్వడు. మార్చాలనుకునేది ఒక్కటే, లోపలి గుండెకాయ. బయటంతా నాయన, లోపల నేటి కుర్రాడు. దీన్ని ఆయన ‘ఒరిజినల్ లుక్కు’ అంటాడు.

పరకాయ ప్రవేశం మనకు కొత్త విద్యేమీ కాదు. చనిపోయిన అమరుక మహారాజు ఒంట్లోకి శంకరాచార్యులు ప్రవేశించిన కథ వినని తెలుగువాడు తక్కువ. అయితే ఆయన ముందుచూపున్న మనిషి. తన సొంత శరీరాన్ని గుహలో దాచి, శిష్యుల్ని కాపలా పెట్టి మరీ వెళ్లాడు. పని కాగానే తిరిగి వచ్చేశాడు. మన ఆసామికి అంత జాగ్రత్త ఎక్కడిది? దించిన ఇంజన్‌ను షెడ్డులోనే వదిలేసి, "ఎవరికన్నా ఇచ్చెయ్ భాయ్" అని, వచ్చిన డబ్బుతో కొత్త సీటు కవరు కుట్టించుకుంటాడు. ఆ ఇంజన్ ఏమైందో తర్వాత చెబుతాను.

అసలు మారుస్తున్నది ఏమిటో ముందు లెక్క చూద్దాం. బుల్లెట్ అన్న ఒక్క ఇంటిపేరు కింద నాలుగు తరాల ఇంజన్లు వచ్చాయి. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ వాళ్లు కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టిన నాటి నుంచి 2010 దరిదాపుల దాకా నడిచింది పోత ఇనుము ఇంజన్. షెడ్డు భాషలో కాస్టైరన్. పొగ నిబంధనలు బిగిసేసరికి దానికి నూకలు చెల్లాయి. మధ్యలో ఆస్ట్రియా ఏవీఎల్ కంపెనీ సాయంతో చేసిన అల్యూమినియం ఇంజన్ ఒకటి మాచిస్మో, థండర్‌బర్డ్ బండ్లలో వచ్చింది. 2008, 2009 నుంచి ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పెట్టెలో ఇమిడిన యూసీఈ. 2020లో మీటియర్‌తో మొదలై, మరుసటి ఏడు క్లాసిక్‌లోకి వచ్చిన జె సిరీస్. పోత ఇనుము ఇంజన్‌ది 18 గుర్రాల బలం. యూసీఈది 19.8. జె సిరీస్‌ది 20.2. ఆరున్నర దశాబ్దాల ప్రగతి, ఇంగ్లండు, ఆస్ట్రియా, ఇండియా ఇంజనీర్ల బుర్రలు, మూడు నాలుగు రకాల పొగ పరీక్షలు, అన్నీ కలిపి పెరిగింది రెండు గుర్రాలు, మూడో గుర్రానిది ఒక కాలు. తిప్పే బలం చూస్తే యూసీఈ కంటే జె సిరీస్‌కు ఒక న్యూటన్ మీటరు తగ్గింది కూడా, 28 పోయి 27 అయింది.

కొత్త ఇంజన్ మంచిది కాదని నేననను. జె సిరీస్ లోపల అదురును చంపడానికి బ్యాలెన్సర్ షాఫ్టు ఉంది. కార్బొరేటర్‌తో కుస్తీ లేదు. కింద నూనె మరక పడదు. బొటనవేలితో నొక్కితే లేస్తుంది, రోజంతా తిప్పినా విసుక్కోదు. మంచి ఇంజనే, దాని సొంత బండిలో ఉన్నంతసేపు.

ఇంతకూ ఈ గుర్రాలన్నీ ఎక్కడికి పోవాలి? టూరింగుకు. ఆ మాట పలికేటప్పుడు ఆసామి చూపు లదాఖ్ మీద ఉంటుంది. బండి మాత్రం ఆళ్లగడ్డ పోతుంది. నంద్యాల నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు వరుసల రోడ్డు, రెండు పక్కలా నల్లరేగడి చేలు. శిరివెళ్ల మెట్ట దగ్గర టీకి ఆగితే సగం యాత్ర అయిపోయినట్టే. ఆ రోడ్డు మీద కాస్టైరన్ బండి అరవైలో దర్జాగా పోతుంది. డెబ్బై దాటిస్తే అద్దంలో వెనక లారీ ఒకటి కాస్తా నాలుగుగా కనిపిస్తుంది; అది కంపెనీ పెట్టిన హెచ్చరిక అనుకుని చెయ్యి తగ్గించాలి. మరీ సాహసమంటే గాజులపల్లె, పచ్చర్ల మీదుగా నల్లమల ఘాటెక్కి గిద్దలూరు పోతారు. ఆ మలుపుల్లో లోడు లారీ వెనక పడ్డాక మూడో గేరు దాటితే ఒట్టు. ఇరవై గుర్రాలూ పద్దెనిమిది గుర్రాలూ అదే లారీ పొగ పీల్చుకుంటూ అదే నడక నడుస్తాయి. పోనీ ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోదామంటే, ఎగువ అహోబిలం దాకా రోడ్డుంది, బాగుంది. ఆ పైన జ్వాలా నరసింహుడి దగ్గరికి ఏ తరం ఇంజనూ పోదు. మోకాళ్లే పోవాలి.

ఇక షెడ్డులోకి రండి. గోనెపట్టా మీద ఒక యూసీఈ ఇంజన్ పడుకుని ఉంటుంది. "యాడ దొరికింది భాయ్?" అంటే, "ఎవరో పెద్దమనిషిది సామీ, పొదుపుగా వాడింది" అని ఊరుకుంటాడు. పాత బండిలో ఇంజను ముందు, గేర్‌బాక్సు వెనక, వేరువేరు ఇనుప రేకుల మధ్య కూర్చుంటాయి. కొత్తది ఒకటే ముద్ద. రంధ్రాలు ఎక్కడివక్కడ కుదరవు. భాయ్ అట్టముక్క మీద కొలత గీసి, దాన్ని కత్తిరించి లేత్ షాపుకు పంపుతాడు. మధ్యాహ్నానికి మందపాటి రేకు కోసుకొస్తారు. రెండు బోల్టులు ఎక్కుతాయి. మూడోది పావు అంగుళం పక్కకు చూస్తుంది. సుత్తి వస్తుంది. సుత్తికి లొంగకపోతే గ్యాస్ కటింగ్ వస్తుంది. ఏ ఫ్రేము మీద నాయన చేతి వాసన ఉందని పొద్దుట కళ్లనీళ్లు పెట్టుకున్నాడో, ఆ ఫ్రేము మీద సాయంత్రానికి నీలిమంట ఆడుతుంటుంది. ఆసామి టీ గ్లాసు పట్టుకుని చూస్తుంటాడు. "చైను లైను కొద్దిగా తేడా ఉంది, సర్దుకుంటాది" అంటాడు భాయ్. నిజమే, సర్దుకుంటుంది. స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకు అరిగి, చైను ఒక రాత్రి పూట శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ మధ్య తెగి, అంతా సర్దుకుంటుంది.

జె సిరీస్ మీద మనసు పడినవాళ్ల కష్టం ఇంకా ఘనం. ఆ ఇంజన్‌ను కంపెనీ కింది నుంచి రెండు గొట్టాలు ఎత్తి పట్టుకునే కొత్త ఫ్రేముకని చేసింది. పాత బండికి ముందు ఒకటే గొట్టం. ఇంజనొక్కటి తెస్తే సరిపోదు; దాని మెదడు పెట్టె, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సరు, వైరింగు మొత్తం తేవాలి. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉండాలి కాబట్టి ట్యాంకు కడుపు కోయాలి. ఏ గీతను వేలితో తాకనివ్వలేదో ఆ గీత కిందనే వెల్డింగు. ఇంత చేశాక మీటరు మీద ఒక పసుపు లైటు వెలిగి ఆరదు. అదెందుకు వెలుగుతోందో చెప్పగలిగే యంత్రం కంపెనీ సర్వీసు సెంటరులో ఉంటుంది. అక్కడికి ఈ బండిని తీసుకుపోయే ధైర్యం ఆసామికి ఉండదు.

పోత ఇనుము బండిని లేపడం ఒక చదువు. ముందు డీకంప్రెషన్ లీవరు నొక్కి పట్టాలి. కిక్కరును మెల్లగా దించుతూ హెడ్‌లైటు పైన ఉన్న ఆంపియర్ మీటరు ముల్లును చూడాలి. ముల్లు ఊగి నడిమికి రాగానే ఇంకొక్క వెంట్రుకవాసి దించి, లీవరు వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను. తొందరపడితే కిక్కరు తిరగబడి పిక్క మీద అచ్చేస్తుంది. మా వైపు ఒక తరం మగవాళ్లకు కుడి పిక్క మీద ఆ అచ్చు ఉంటుంది. ఓటరు కార్డు లేకపోయినా దాన్ని చూపించి ఓటెయ్యొచ్చు. కొత్త ఇంజన్‌కు ఆ లీవరుతో పని లేదు, ఆ మీటరుతో పని లేదు. అయినా పీకరు. కేబులు లేని లీవరు హ్యాండిల్ మీద అట్లాగే ఉంటుంది. ముల్లు చచ్చిన మీటరు అట్లాగే ఉంటుంది. పెట్రోలు బంకులో ఎవడన్నా కుర్రాడు ఆగి చూస్తే, ఆసామి ఆ లీవరును ఒకసారి నొక్కి వదిలి, చాటుగా బొటనవేలితో బటన్ నొక్కుతాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కాళ్ల దగ్గరికి వస్తే నవ్వు ఆగిపోతుంది. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. గేరు ఒకటి పైకి, మూడు కిందికి. రెండు, మూడు, నాలుగు, ఏ గేరులో ఉన్నా ఒక్క తొక్కుతో న్యూట్రల్‌కు తెచ్చే చిన్న లీవరు ఇంకొకటి ఉండేది. మన నాయకులకు పుట్టుకతో వచ్చే ఆ సౌకర్యాన్ని ఈ బండికి కంపెనీ బిగించి ఇచ్చింది. కొత్త ఇంజన్‌కు గేరు ఎడమకాలికి. ఒకటి కిందికి, నాలుగు పైకి. కాబట్టి బ్రేకు కుడికాలికి రావాలి. వెనక డ్రమ్ము మాత్రం ఎడమ పక్కనే ఉంది. భాయ్ బండి కింద అడ్డంగా ఒక కడ్డీ వేసి ఈ పక్క తొక్కుడును ఆ పక్కకు చేరుస్తాడు. ఇనుము కొత్త పాఠం ఒక్కరోజులో నేర్చుకుంటుంది. ముప్పై ఏళ్లు పాత పాఠం చదివిన కాలు నేర్చుకోదు. మామూలుగా పోతున్నంతసేపు ఆసామి తల చెప్పినట్టు కాళ్లు వింటాయి. శిరివెళ్ల దాటాక డివైడరు సందులోంచి గేదె బయటికొస్తుంది. అప్పుడు తల పక్కకు తప్పుకుని కాళ్లే పెత్తనం చేస్తాయి. ఎడమకాలు బ్రేకనుకుని గట్టిగా తొక్కుతుంది. అది ఇప్పుడు గేరు. బండి ఒక గేరు కిందికి దూకి, ఇంజన్ గావుకేక పెడుతుంది. ఆగడం, ఆగకపోవడం ఆ పైన గేదె దయ.

ఆ ముందు చక్రం సంగతి అడగండి. పాత డ్రమ్మే. బూట్లు మార్చారా? లేదు. టైరు? "గట్టిగానే ఉంది కదా సామీ." ఫోర్కుల్లో నూనె? ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. అంటే కొత్త తరం ఇంజన్‌ను కంపెనీ ఆపే సరంజామాతో జత చేసి పంపుతోంది. ఆసామి పోయేదాన్ని తెచ్చుకుని ఆపేదాన్ని అక్కడే వదిలేశాడు. హైస్కూలు లెక్కే ఇది: వేగం డెబ్బై నుంచి నూటికి పెరిగితే, ఆపడానికి మింగాల్సిన శక్తి దాదాపు రెండింతలవుతుంది. వేగం వర్గం చొప్పున పెరుగుతుందది. డెబ్బైకి చేసిన డ్రమ్ము ఆ రెండింతలను మింగలేక వేడెక్కి చేతులెత్తేస్తుంది. ఇంజన్‌కు లక్ష అడిగితే ఇచ్చిన చెయ్యి, బ్రేకు బూట్లకు కొన్ని వందలు అడిగితే "ఇప్పుడొద్దులే" అంటుంది. బ్రేకు ఎవరికి కనిపిస్తుంది? దానికి సౌండ్ లేదు కదా.

సౌండ్ అంటే గుర్తొచ్చింది. కొత్త ఇంజన్ పెట్టించుకుని ఇంటికొచ్చిన మొదటి రోజే ఆసామి మొహం వేలాడుతుంది. దుగదుగ లేదు. పాత ఇంజన్‌లో బరువైన ఫ్లైవీలు, తాపీగా తిరిగే నడక. ఊరి మొదట్లో ఉండగానే వంటింట్లో అన్నం వడ్డించేవాళ్లు. కొత్తది పిల్లిలా వచ్చి వాకిట్లో నిలబడుతుంది. వీధిలో ఎవరూ తలెత్తి చూడరు. మరుసటి వారమే పంజాబీ సైలెన్సర్ వస్తుంది. అంటే కథ ఏమిటి? పాత ఇంజన్ తీసి కొత్తది పెట్టించుకోవడానికి ఒక ఖర్చు. కొత్తది పాతదానిలా అరవడానికి ఇంకో ఖర్చు. నిన్న ఆసామి చెప్పిన సాకు పర్యావరణం; పాత ఇంజన్ పొగ ఎక్కువని, కొత్తది శుభ్రమని. ఆ శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్న పైపునే పీకి ఇప్పుడు షెడ్డు మూలకు విసిరేశాడు. పర్యావరణం ఆ మూల పడి ఉంది, ఎవరికన్నా కావాలంటే తీసుకుపోవచ్చు.

ఇక చట్టం. ఆర్సీలో కంపెనీ రాయించిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నది గమనించాలి. ఇంజన్, ఫ్రేము, ట్యాంకు, గేరు, సైలెన్సర్ అని విడివిడిగా లెక్కేస్తే ఆసామి వీపు కింద ఒక చిన్న ఖజానా ఉంది. చప్పుడుకు వేరే సెక్షన్, పది వేల దాకా. పాడైన ఇంజన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజన్ పెట్టుకుంటే మాత్రం ఆఫీసుకు తెలిపి, ఆర్సీలో రాయించుకునే దారి ఉంది. ఆ దారి ఆసామికి నచ్చదు. అది నేరుగా ఉంటుంది.

కాబట్టి ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో ఇంకొకటి. ఏదన్నా జరిగినప్పుడు బీమా కంపెనీవాడు మొదట అడిగేది ఆ నంబరే. రెండూ కలవకపోతే వాడికి పండగ. ఆ ఇంజన్ ఏదో దొంగబండిది అయితే, పోలీసులకు కూడా పండగే. నిజానికి మా ప్రాంతంలో గుట్టు చప్పుడు కాకుండా మార్చుకోగలిగేవి చాలా ఉన్నాయి. ఎన్నికల ముందు రాత్రికి రాత్రి కండువాలు మారతాయి. బాడీ అదే, సౌండ్ అదే, ఇంజన్ మాత్రం వేరే పార్టీది. దానికి గ్యాస్ కటింగ్ అక్కర్లేదు, ఏ ఆర్సీలోనూ రాయించనక్కర్లేదు. బుల్లెట్‌కే ఈ నిబంధనలన్నీ.

అలాగని ఇంజన్ మార్పిడి మీద నాకు పగ లేదు. ఒకప్పుడు కంపెనీయే బుల్లెట్‌లో 325 సీసీ డీజిల్ ఇంజన్ పెట్టి టారస్ అని అమ్మింది. ఆరున్నర గుర్రాల బలం. చేలో నీళ్లు తోడే మోటరు రోడ్డెక్కి వస్తున్నట్టు ఉండేది. కానీ తక్కువ ఖర్చుతో తిరగాలన్నవాడికి అది మాటిచ్చింది, లీటరుకు ఎనభై దరిదాపుల్లో నడిచి మాట నిలబెట్టుకుంది. అందంగా ఉన్నానని ఎవరినీ నమ్మించబోలేదు. ఇంగ్లండులో 1950, 60ల నాటి కుర్రకారు ట్రయంఫ్ ఇంజన్‌ను నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో పెట్టి ట్రైటన్ చేసుకున్నారు. మలుపుల్లో పేరుమోసిన ఫ్రేము ఒకరిది, ఊపులో పేరుమోసిన ఇంజన్ ఇంకొకరిది. మేలైన ఒంట్లో మేలైన గుండె. పైగా దాన్ని మా నాయన నార్టన్ అని ఎవరూ బొంకలేదు. కొత్తగా పుట్టినదానికి కొత్త పేరే పెట్టారు.

అంతదూరం ఎందుకు, మన నల్లమలలోనే చూడండి. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే మీటర్ గేజ్ రైలు బొగద సొరంగం దగ్గర దొరబావి వంతెన ఎక్కి లోయ దాటేది. బ్రిటిష్ కాలపు కట్టడం, చూడ్డానికి రెండు కళ్లు చాలవు. 1990ల్లో బ్రాడ్ గేజ్ వచ్చింది. రైల్వేవాళ్లు ఆ వంతెన మీద మమకారం పెంచుకుని, స్తంభాలకు అటూ ఇటూ రెండు రేకులు వెల్డింగు చేసి, పెద్దింజన్ ఎక్కించి "సర్దుకుంటాది" అనలేదు. పక్కన కొత్త దారి వేసుకున్నారు. పాత వంతెనను దాని పరువుతో అడవికి వదిలేశారు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పుల దగ్గర ఆగి, ముక్కు విరిగిన పాత విగ్రహానికి కొత్త ముక్కు అతికించమని అడిగి చూడండి. ఉలి కింద పెట్టి మీ మొహం వంక చూస్తారు. భిన్నమైనది పూజకు పనికిరాదు, కావాలంటే కొత్త రాయిలో కొత్త స్వామిని చెక్కిస్తామంటారు. వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. ఆ శిల్పుల కొట్ల ముందు నుంచే రోజూ మన ఆసాములు అతుకుల బుల్లెట్ల మీద పోతుంటారు.

ఇంజన్, లేత్ పని, రేకులు, వెల్డింగు, వైరింగు, సైలెన్సర్, మళ్లీ రంగు, సీటు కవరు. పద్దు రాసి కూడితే కొత్త క్లాసిక్‌కు ముందు కట్టాల్సిన డబ్బుతో పాటు సగం కంతులు కూడా తీరేవి. నాయన బండిని నాయన బండిగానే ఉంచి, రింగులు మార్చి, టాపెట్లు సరిచేసి, ఆదివారం పూట అరవైలో తిప్పుకోవచ్చు. మోకాలు వద్దంటే కొడుకుతో కిక్కు కొట్టించుకోవచ్చు. ఈ సలహా ఎవరికి చెప్పినా "నీకు బుల్లెట్ గురించి ఏం తెలుసు?" అంటారు. అన్నారు కూడా.

కొన్నాళ్లకు గాలి మారుతుంది. ముట్టని కాస్టైరన్ బండ్లకు బెంగళూరు వాళ్లు మంచి రేటు పెడుతున్నారని ఎవరో చెబుతారు. ఒక రోజు బెంగళూరు నుంచి కుర్రాడొకడు వచ్చి, బండి చుట్టూ తిరిగి, ట్యాంకు మీది గీత చూసి మురిసి, మోకాళ్ల మీద కూర్చుని ఇంజన్ నంబరు చదివి, చేతులు దులుపుకుని లేస్తాడు. "ఇంజన్ ఒరిజినల్ కాదంకుల్." ఒకే వాక్యంలో రెండు దెబ్బలు. ఆసామి ఆ సాయంత్రమే షెడ్డుకు పరిగెత్తుతాడు.

"భాయ్, మా నాయన ఇంజన్ యాడుంది?"

"నువ్వే కదా సామీ ఎవరికన్నా ఇచ్చెయ్‌మంటివి. ఆళ్లగడ్డ ఆయప్ప తీసుకపోయినాడు."

"ఆయప్పకెందుకు?"

"ఆయప్పది యూసీఈ బండి. సౌండు లేదని ఒకటే బాధపడతాంటే, నీ కాస్టైరన్ దానికి ఎక్కిచ్చినాం."

ఆసామి కాసేపు ఆలోచిస్తాడు. "మరి ఆయప్ప యూసీఈ ఇంజన్ ఏమైంది?"

భాయ్ స్పానర్ తుడుచుకుంటూ బయట నిలబెట్టిన బండి వైపు చూపిస్తాడు. "నువ్వు ఎక్కి తిరుగుతాండేది అదే కదా సామీ. చెప్పలా, ఎవరో పెద్దమనిషిదని."

"రెండూ మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాలంటే ఎంతవుతుంది?"

"ఈసారి కొంచెం ఎక్కువైతాది. రెండు ఫ్రేములూ కోసినాం కదా."